ఆధీ తాళం

మొన్న శనివారం మా మనవరాలి బళ్ళో పెద్దవాళ్ళకి మీటింగు పెట్టారు. కొడుక్కీ కోడలికీ ఆఫీసు కాల్సు తెగకపోవడంతో ఆ భాగ్యం నాకు దక్కింది. మయూర్ విహార్ నుంచి ఇందిరాపురం దాకా ఆటోలో దుమ్ము తింటూ వెళ్ళి, ఏసీ హాల్లో రెండో వరసలో కూర్చున్నాను. వేదిక మీద ముప్ఫై ఏళ్ళ కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. మెడలో గిటారు, కాళ్ళకి పరుగు పందెం బూట్లు. పాడాలో పరిగెత్తాలో తేల్చుకోలేక రెండిటికీ తయారై వచ్చినట్టున్నాడు.

ఈ ఏడు నుంచి ప్రైమరీ పిల్లలకి మ్యూజిక్ పీరియడు, పీటీ పీరియడు వేరువేరుగా ఉండవట. రెండూ కలిపి ఒకటే. పిల్లలు ఒంటితో పాట నేర్చుకుంటారట, పాటతో ఒళ్ళు వంచుతారట. తెర మీద మెదడు బొమ్మ ఒకటి వేశాడు. సగం నీలం, సగం నారింజ. ఆ రెండు సగాలూ ఇన్నాళ్ళూ మాట్లాడుకోవడం లేదనీ, ఇప్పుడు తమ బడి వాటికి రాజీ కుదురుస్తోందనీ చెప్పాడు. తల్లిదండ్రులు ఫోన్లెత్తి ఆ మెదడుకి ఫోటోలు తీసుకున్నారు. తర్వాత అందరినీ లేపి నాలుగు చప్పట్లు, నాలుగు అడుగులు వేయించాడు. నా పక్కనున్న బొజ్జాయన చప్పట్లు కొడితే అడుగు మరిచిపోతున్నాడు, అడుగేస్తే చప్పట్లు మరిచిపోతున్నాడు. ఆయన మెదడులో రాజీ కుదిరే సూచనలేవీ నాకు కనబడలేదు.

అంతవరకూ ఓర్చుకున్నాను. అప్పుడా కుర్రాడు ఇంగ్లీషులో ఇలా అన్నాడు. దక్షిణాది సంగీతంలో ఆది తాళం అని ఒకటుంది, అందులో ఎనిమిది బీట్లుంటాయి, చిన్నపిల్లలకి అది ఎక్కువ, అందుకని మేం దాన్ని సగం చేశాం, నాలుగే ఉంచాం అని. ఏదో ఘనకార్యం చేసినట్టు ఆగి చప్పట్ల కోసం చూశాడు. చప్పట్లు పడ్డాయి కూడా. నాకు మాత్రం నవ్వాగలేదు, పైకే నవ్వేశాను.

“యెస్ ఆంటీ, ఎనీ క్వశ్చన్?” అన్నాడు.

“నో బేటా,” అన్నాను.

అతన్ని చూసి నవ్వానని అనుకున్నారందరూ. కొంత అతన్ని చూసే నవ్వాను, కాదనను. కానీ ఆ హాల్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఢిల్లీలో ఆది తాళాన్ని సగానికి కోసిన మొదటి మనిషిని నేను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

మా బడి తెలుగు గుమాస్తాల పిల్లల కోసం తెలుగు ఆఫీసర్లు కమిటీగా ఏర్పడి నడిపిన బడి. ఆ ఆఫీసర్ల పిల్లలు మాత్రం కాన్వెంట్లకి వెళ్ళేవారు. రేకుల కప్పు కింద ఆరు గదులు, వెనకాల ఒక గ్రౌండు. గడ్డిపరకైనా లేని దుమ్ము నేలని గ్రౌండు అనడం కమిటీ వారి ఉదారత్వం. చలికాలం పొద్దున్నే మంచు దిగితే చివరి గోడ కనబడేది కాదు. చుట్టుపక్కల క్వార్టర్లలో వెలిగించిన అంగీఠీ కుంపట్ల బొగ్గు పొగ ఆ మంచులో కలిసి గొంతులోకి దిగేది. ఈ ఊళ్ళో గాలి ఇప్పుడే పాడైనట్టు టీవీలో గుండెలు బాదుకునేవాళ్ళని చూస్తే నాకు విసుగు. మేం ఆ పొగ పీలుస్తూనే సరిగమలు పాడాం.

పాటలు చెప్పే టీచరుగారిది కాకినాడ పక్క. భర్త ఉద్యోగం కోసం వచ్చి పన్నెండేళ్ళయినా ఆవిడకి హిందీ రాలేదు. రాలేదనడం కన్నా రానివ్వలేదనడం సబబు. “ఆ భాష మన నోటికి పట్టదే తల్లీ” అనేవారు, పట్టకపోవడం ఒక పరువన్నట్టు. కూరల బండి దగ్గర వంకాయనీ బెండకాయనీ వేలితో చూపించి కొనుక్కునేవారు. రెండు స్వెట్టర్లు, వాటి మీద శాలువా, తలకి మఫ్లరు. దగ్గరికి వెళితే కర్పూరం కలిసిన తలనొప్పి మందు వాసన కొట్టేది. గదిలో కిటికీలు మూయించి, శ్రుతిపెట్టె ముందు కూర్చుని, అరచెయ్యి తొడ మీద వేసి ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు అని లెక్క నేర్పేవారు. మొదటిరోజే చెప్పారు. “ఆది అంటే మొదటిదర్రా. అన్ని తాళాలకీ ముందు ఇది పట్టుబడాలి.” ఆ ముక్క నాకు బాగా గుర్తుంది, గుర్తులేదని చెప్పుకునే వీలు లేకుండా గుర్తుంది.

డ్రిల్లు మాస్టారుది హర్యానా. పటాలంలో హవల్దారు చేసి వచ్చారు. రోజూ ఎక్కణ్ణించో సైకిలు తొక్కుకుంటూ వచ్చేవారు. ఒంటి నుంచి ఆవనూనె వాసన, కోటు జేబు నిండా రేవడీలు, అంటే బెల్లం పాకంలో నువ్వులద్దిన చిన్న బిళ్ళలు. ఆయనకి తెలుగు ముక్క రాదు. ఆయన దగ్గర ఒక వింత అలవాటుండేది. మాలో ఎవరైనా తప్పడుగు వేస్తే కోప్పడేవారు కాదు. తన చెంప మీద తనే రెండు వేళ్ళతో తట్టుకుని, “మేరీ గల్తీ. ఫిర్ సే” అనేవారు. నాదే తప్పు, మళ్ళీ మొదలు అని. మాకది పెద్ద తమాషా. ఆయన చెంప తట్టుకోవడం చూడ్డానికి వంతులు వేసుకుని మరీ తప్పడుగులు వేసేవాళ్ళం. ఒకరోజు పన్నెండు సార్లు తట్టించాం. పిల్లలు దేవుళ్ళనేవాళ్ళు ఎప్పుడైనా ఒక బడి వెనకాల నిలబడి చూడాలి.

ఇక నా సంగతి. నా గొంతు బాగుండేది కాదు, కాళ్ళు అంతకన్నా బాగుండేవి కావు. పాటలో వెనక వరస, పరుగులో ఇంకా వెనక. అయితే మా పక్క క్వార్టరు పంజాబీ ఆంటీ ఇంట్లోనే సగం పెరిగాను కాబట్టి హిందీ నీళ్ళలా వచ్చేది. మా బళ్ళో ఎవరికి హిందీ అవసరమొచ్చినా నన్నే పిలిచేవారు. పాలవాడితో మాట్లాడాలన్నా, పోస్టుమాన్ని అడగాలన్నా నేనే. ఆ ఒక్క కారణానికి నేను మిగతా పిల్లల కన్నా ఒక మెట్టు పైనున్నానని అనుకునేదాన్ని.

ఆదివారాల్లో నాన్న నన్ను అశోకా రోడ్డులోని తెలుగు క్యాంటీనుకి భోజనానికి తీసుకెళ్ళేవారు. పొడి, నెయ్యి, ముద్దపప్పు, గోంగూర. నూనె మరిగిన వాసన వీధి మొదట్లోనే ఎదురొచ్చేది. కమిటీ పెద్దలు కూడా అక్కడికే వచ్చేవారు, బడి గురించిన నిర్ణయాలన్నీ ఆ బల్లల దగ్గరే జరిగేవి. ఆ చలికాలంలో ఒక ఆదివారం, చారుకీ పెరుగుకీ మధ్య, పాటలకీ డ్రిల్లుకీ ఇద్దరు మనుషులు దండగ అని తేల్చారు.

“రెండూ కలిపి ఒక్క పీరియడు చేసేద్దామండీ. ఒక్కరు చాలు,” అన్నాడు కార్యదర్శి.

“సంగీతం మన సంస్కృతి కదండీ,” అన్నాడొకాయన. ఆయన కూతురు కథక్ నేర్చుకునేది.

“డ్రిల్లు ఆరోగ్యం కదండీ,” అన్నాడింకొకాయన. పెరుగన్నం అయ్యాక ఆయన్ని కుర్చీలోంచి లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

నాన్న కూడా గుమాస్తాల తరఫున కమిటీలో సభ్యులే, కాకపోతే తల ఊపడానికి. ఊపారు. చివరికి అక్కడే ఉన్న మా హెడ్‌మిస్ట్రెస్‌గారు బతిమాలితే ఒక మినహాయింపు ఇచ్చారు. ఫిబ్రవరిలో ఇన్స్‌పెక్షన్ ఉంది. ఆ రోజు ఇద్దరూ కలిసి ఒకే పీరియడు నడిపి చూపించాలి. దీనికి ఇద్దరూ కావాలని ఇన్‌స్పెక్టరు రాస్తే ఇద్దరూ ఉంటారు. లేకపోతే ఒకరు ఇంటికి వెళ్ళాలి. ఇదంతా ఆ రోజు నేను అప్పడం కొరుకుతూ విన్నాను.

మర్నాడు ఇద్దరినీ హెడ్‌మిస్ట్రెస్‌గారి గదిలో కూర్చోబెట్టారు. కలిసి పనిచెయ్యడానికి వాళ్ళిద్దరూ ఒప్పుకున్నారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా. టీచరుగారు చలిలోకి రానన్నారు, గొంతు పోతుందట. మాస్టారు గదిలోకి రానన్నారు, బూట్లు విప్పమంటారట. కాబట్టి ఆవిడ లోపల స్వరాలు నేర్పాలి, ఆయన బయట ఆ స్వరాలకి అడుగులు నేర్పాలి, మధ్యలో కబుర్లు నేను మొయ్యాలి. సంగీతాన్నీ వ్యాయామాన్నీ కలపడం అంటే మా బళ్ళో అర్థం అది. మెదడు బొమ్మ కుర్రాడికి చెబితే దానికి కూడా ఒక ఇంగ్లీషు పేరు పెట్టేవాడు.

ఉన్నమాట చెప్పాలంటే, ఆలోచన మాస్టారుదే. స్వరాలు ఎన్ని అని నన్నడిగారు. కింది స నుంచి పై స దాకా ఎనిమిదని చెప్పాను. ఆయన సున్నం బకెట్టు తెచ్చి గ్రౌండు అడ్డంగా ఎనిమిది గీతలు గీశారు, మొదటిది గది పక్కన, ఎనిమిదోది చివరి గోడ దగ్గర. ఒక గీత దగ్గర ఆగి స్వరం పాడాలి, ఇంకో గీత దాకా పరిగెత్తాలి, ఆగాలి, పాడాలి. వెళ్ళేటప్పుడు స రి గ మ ప ద ని స, వచ్చేటప్పుడు స ని ద ప మ గ రి స. ఇంత చక్కటి పద్ధతి నేను తర్వాత ఏ బళ్ళోనూ చూడలేదు. గసపెడుతూ కూడా స్వరం తప్పకుండా నిలబెట్టాలంటే ఊపిరి ఎక్కడ దాచుకోవాలో పిల్లలకి వాళ్ళంతట వాళ్ళకే తెలిసిపోయేది. నాకు మాత్రం తెలియలేదు. రెండు రోజులు ఎనిమిది గీతలూ పరిగెత్తేసరికి డొక్కలో పోటు పట్టుకుంది, గుడ్డ బూట్లలో వేళ్ళు కొయ్యబారిపోయాయి.

మూడోరోజు టీచరుగారు నన్ను పిలిచారు.

“ఆయనతో చెప్పవే, పిల్లల్ని ఇష్టమొచ్చినట్టు పరిగెత్తించకూడదని. ఇది ఆది తాళం. ఆది తాళంలోనే నడవాలి. అదొక్కటీ పట్టుకుంటే చాలు.”

నేను బయటికి వెళ్ళి చెప్పాను. “మాస్టర్‌జీ, టీచర్‌జీ కహ్ రహీ హైఁ, ఆది తాల్ మేఁ చల్‌నా హై.”

“ఆధీ?” అన్నారు మాస్టారు. అరచెయ్యి నిలువుగా పెట్టి గాలిని మధ్యకి కోసి చూపించారు. “ఆధీ తాల్? ఆఠ్ నహీఁ, చార్?”

ఆయనకి వినిపించింది సగం తాళం. ఎనిమిది కాదు, నాలుగు. ఆయన తప్పేమీ లేదు. హిందీ తప్ప వినని చెవికి ఆది, ఆధీ అనే వినిపిస్తుంది. నేను అనాల్సింది ఒక్క మాట. పహలా. మొదటిది. ఆ మాట నా నాలుక చివరే ఉంది. నేను గ్రౌండు వైపు చూశాను. మంచులో ఐదో గీత తర్వాత ఏమీ కనబడటం లేదు. ఆ కనబడని చోటి దాకా మళ్ళీ పరిగెత్తాలి.

“హాఁ జీ,” అన్నాను. “ఆధీ.”

“అచ్ఛా. ఠీక్ హై,” అన్నారు. వెళ్ళి చివరి నాలుగు గీతల్నీ బూటుతో రాసి చెరిపేశారు. తిరిగొచ్చి, కబురు బాగా మోశానని నాకు రెండు రేవడీలు ఇచ్చారు.

ఆ తర్వాత మూడు వారాలు మేం గదిలో ఎనిమిది స్వరాలు పాడాం, గ్రౌండులో నాలుగు. మ దగ్గరికి రాగానే మాస్టారు “థమ్” అని అరిచేవారు, ఆగమని. ఆగి, వెనక్కి తిరిగి, మ గ రి స. పిల్లలెవరికీ అనుమానం రాలేదు. వచ్చినా పైకి అనలేదు, అందరికీ పరుగు సగమైంది మరి. గదిలో ఒకటీ గదవతల ఇంకొకటీ చెయ్యడం బడికి వెళ్ళే పిల్లలకి కొత్తేం కాదు. టీచరుగారు రోజూ అడిగేవారు, “ఎనిమిదీ నడిపిస్తున్నారా?” అని. “ఆఁ అండీ” అనేదాన్ని. ఒక సున్నుండ చేతిలో పడేది. ఒకరోజు మాస్టారు కిటికీ బయట నిలబడి లోపలి పాట విని, “అందర్ తో ఆఠ్ గా రహే హైఁ?” అన్నారు, లోపల ఎనిమిదీ పాడుతున్నారేమని. లోపల పూర్తిగా, బయట సగం, అదే నియమం అన్నాను. పటాలంలో అంతకన్నా అర్థం లేని నియమాలు చూసే ఉంటారు. తల ఊపి వెళ్ళిపోయారు.

మంచి మాట ఒకటి చెప్పాలి ఆయన గురించి. పిల్లలకి వాళ్ళ భాషలో లెక్క వినబడితే కాలు బాగా పడుతుందని, నా దగ్గర తెలుగు అంకెలు నేర్చుకున్నారు. అరచేతి మీద హిందీ అక్షరాల్లో రాసుకునేవారు. నాలుగు చాలు కదా అన్నాను. “పూరా సీఖ్‌నా చాహియే”, నేర్చుకుంటే పూర్తిగా నేర్చుకోవాలి అని ఎనిమిది దాకా నేర్చుకున్నారు. ఎనిమిదిని ‘ఎన్మిదీ’ అనేవారు. మేం వెనకాల అదే అనుకరించి పడీపడీ నవ్వుకున్నాం.

ఇన్స్‌పెక్షన్ రోజు ఎండ కాసింది. ఇన్‌స్పెక్టరు కోతి టోపీ పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, రెండో సమోసా మీదున్నాడు. పక్కన కమిటీ పెద్దలు వరసగా, పూలదండలు వాళ్ళ కోసమే వచ్చినట్టు. టీచరుగారు ఆ చలికాలంలో మొదటిసారి గ్రౌండులోకి వచ్చారు. శ్రుతిపెట్టెతో కుర్చీలో కూర్చుని, గీతల్ని చూశారు. నాలుగే ఉన్నాయి. ముఖం కాస్త చిట్లించారు, కానీ అప్పటికే మాస్టారు ఈల ఊదేశారు.

స రి గ మ దాకా అందరం ఒక్కటిగా వెళ్ళాం. అప్పుడు మాస్టారు “థమ్” అన్నారు. అదే క్షణంలో టీచరుగారు గొంతెత్తి “ప” అందుకున్నారు. సగంమంది పిల్లలు ఆగి వెనక్కి తిరిగారు. సగంమంది ఆవిడ గొంతు విని, లేని గీత కోసం ముందుకి పరిగెత్తారు. వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఒకరినొకరు గుద్దుకుని సున్నంలో పడ్డారు. ఒకడికి పాలపన్ను ఊడింది. వాడు ఏడవకుండా దాన్ని తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టరుకి చూపించాడు. ఆయన సమోసా పక్కన పెట్టాడు.

“యే సంగీత్ హై యా కబడ్డీ?” అన్నాడు.

కమిటీ పెద్దలందరూ నవ్వారు. అంతకుముందు దాకా ఏం చూస్తున్నారో అర్థం కాక కూర్చున్నవాళ్ళకి నవ్వొచ్చని ఆయనే అనుమతి ఇచ్చాడు.

అరగంట తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌గారి గదిలో నలుగురం. ఆవిడకి రెండు భాషలూ వచ్చు. టీచరుగారు కళ్ళు తుడుచుకుంటూ, “నేను ఆది తాళమని స్పష్టంగా చెప్పి పంపించానండీ” అన్నారు. మాస్టారు అటెన్షన్‌లో నిలబడి, “మేడమ్‌నే ఆధీ కహా థా” అన్నారు, మేడమే సగమన్నారని. హెడ్‌మిస్ట్రెస్‌గారు ఒకసారి ఆది అని, ఒకసారి ఆధీ అని తనలో తనే అనుకున్నారు. అప్పుడు నా వైపు తిరిగారు.

“నువ్వేం చెప్పావమ్మా ఆయనతో?”

నేను అబద్ధం ఆడటానికి ఆలోచించలేదు. ఆలోచించి ఆడి ఉంటే కొంతైనా నయం.

“ఎనిమిదనే చెప్పానండీ. ఆయనకే అర్థం కాలేదు.”

తెలుగులోనే అన్నాను, ఆయనకి తెలియదన్న ధైర్యంతో. కానీ ఎనిమిది అన్న మాట ఆయనకి తెలుసు. నేనే నేర్పాను. మాస్టారు తల తిప్పి నన్ను చూశారు. చాలాసేపేం కాదు. తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌గారి వైపు తిరిగి, “హాఁ జీ. బచ్చీనే ఆఠ్ హీ బోలా థా” అన్నారు. పిల్ల ఎనిమిదనే చెప్పింది అని. రెండు వేళ్ళతో చెంప తట్టుకున్నారు.

“మేరీ గల్తీ,” అన్నారు.

ఫిర్ సే అంటారేమో అని చూశాను. అనలేదు.

వారం చివర ఆయన వెళ్ళిపోయారు. సున్నం బకెట్టు కడిగి బోర్లించి, సైకిలు నడిపించుకుంటూ గేటు దాకా వచ్చారు. గేటు దగ్గర నేనే ఉన్నాను. ఎప్పటిలాగే జేబులోంచి రెండు రేవడీలు తీసి ఇచ్చి, సైకిలెక్కారు. మధ్యాహ్నం టీచరుగారు పిలిచి, “నువ్వే గనక సాక్ష్యం చెప్పకపోతే నా ఉద్యోగం పోయేదే తల్లీ” అని తల నిమిరి, డబ్బా తెరిచి పెద్ద సున్నుండ పెట్టారు. రెండూ తిన్నాను. సున్నుండ అంగిలికి అంటుకుంది, రేవడీ పంటికి అంటుకుంది. రెండూ బాగానే ఉన్నాయి.

ఆ తర్వాత డ్రిల్లు కూడా టీచరుగారి చేతికే వచ్చింది. గదిలో కిటికీలు మూసి, కూర్చోబెట్టి, వేళ్ళు లెక్కపెట్టించేవారు. వేళ్ళకి వ్యాయామం. రిజిస్టర్లో మాత్రం సంగీతం, వ్యాయామం కలిపి అని రాసుకున్నారు. కమిటీ వారు దాన్ని తమ ఘనతగా వార్షిక సభలో చదివారు. నాన్న తల ఊపారు. ఆ సభలోనే కార్యదర్శి నన్ను వేదిక మీదకి పిలిచి, ఇంత చిన్నపిల్ల హిందీ ఎంత బాగా మాట్లాడుతుందో చూడండి అని మెచ్చుకున్నాడు.

పెద్దయ్యాక నేను చేసిన ఉద్యోగం చెబితే మీరు నవ్వుతారు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో హిందీ అనువాదకురాలిని. ముప్ఫై ఏళ్ళు చేశాను. నా కింద పనిచేసినవాళ్ళు నా పేరు చెబితే ఇప్పటికీ భయపడతారు. ఒక్క మాట తేడా వస్తే కాగితం వాళ్ళ బల్ల మీదకి విసిరేసేదాన్ని. మాట మోసేవాడు దొంగైతే ఇద్దరు మనుషులు మునిగిపోతారని చెప్పేదాన్ని. వాళ్ళు నాది కార్యదీక్ష అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

సరే, మీటింగు అయిపోయింది. మనవరాలికి హోంవర్కు ఇచ్చారు, నాలుగు బీట్ల నడక ఇంట్లో వీడియో తీసి పంపాలట. సాయంత్రం దాన్ని తీసుకుని మా అపార్టుమెంటు సొసైటీ పార్కింగులోకి దిగాను. సగం ఏమిటి, నీ మొహం, పూర్తిగా నేర్పిస్తాను పద అన్నాను. చాక్‌పీసుతో వంగి ఎనిమిది గీతలు గీసేసరికి నా నడుము పట్టేసింది. అది సరిగమలు పాడుకుంటూ గీత మీద నుంచి గీత మీదకి పరిగెత్తింది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే ఇస్తుంది. ఐదో గీత దగ్గర ఆగిపోయింది.

“నానమ్మా, ఆది మతలబ్ ఆధా, నా?”

“కాదు,” అన్నాను. “మొదటిది. పహలా.”

చెప్పడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఆ రెప్పపాటు పని నేను తొమ్మిదేళ్ళప్పుడు చెయ్యలేకపోయాను. ఎందుకో అక్కడే, ఎవరిదో కారుకి ఆనుకుని, దానికి మొత్తం చెప్పేశాను. సున్నం గీతలు, బూటుతో చెరపడం, పాలపన్ను, హెడ్‌మిస్ట్రెస్‌గారి గది, చెంప తట్టుకోవడం, అన్నీ. మా ఆయనకి చెప్పలేదు, కొడుక్కి చెప్పలేదు. ఎనిమిదేళ్ళ దానికి చెప్పాను.

అది అంతా విని అడిగింది. “తో ఆప్‌నే ఉస్ దిన్ ఉన్‌కో పహలా క్యోఁ నహీఁ బతాయా?”

ఆ రోజే ఎందుకు చెప్పలేదని. చిన్నదాన్ననీ, భయమేసిందనీ చెప్పచ్చు. భయం తర్వాత గదిలో వేసింది. గ్రౌండులో వెయ్యలేదు.

“పరుగు సగం తగ్గుతుందని,” అన్నాను.

“బస్?”

“బస్. అంతే.”

అది కనుబొమలు కొంచెం పైకెత్తి, పెదవి ఒక పక్కకి విరిచి, నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు నేను అందరినీ అలాగే చూశాను.